ఉప్పమ్మేవాడి చెయ్యి

ఇవాళ ఇంట్లో ఉన్నవాళ్ళం ఆరుగురం. సోఫాలో మామయ్య. ఆయన పక్కన కాళ్ళు పైకి ముడుచుకుని అత్త. కింద చాప మీద బావ, బావ పక్కన దిండుకి మోచెయ్యి ఆన్చి నిచ్చెన. గుమ్మం దగ్గర కుర్చీలో నాన్న. వంటగది గోడకి ఆనుకుని నేల మీద నేను. నిచ్చెన అంటే బావ స్నేహితుడు. ఎంత పొడుగంటే వాళ్ళమ్మ కూడా ఫోన్ చేసి "మా నిచ్చెన అక్కడున్నాడా?" అని అడుగుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బావ కిటికీలకి దుప్పట్లు కట్టాడు, చీకటి సినిమా చీకట్లోనే చూడాలట. ఆ దుప్పట్లలో ఒకటి నాది. నేను కప్పుకునే దుప్పటి అందరి ముందూ కిటికీకి వేలాడుతుంటే, దాని చిరుగులోంచి ఎండ చుక్కలా వచ్చి సరిగ్గా నా మోకాలి మీదే పడుతుంటే, సినిమా మొదలవకముందే నాకు సిగ్గేసింది. నాకు సిగ్గెయ్యడానికి పెద్ద కారణం అక్కర్లేదు. "దీనికి అద్దంలో తన మొహం చూసుకున్నా సిగ్గే" అంటుంది అత్త. అది వేరే సిగ్గు. అది వేస్తుంది, పోతుంది, ఎండ చుక్కలాగే పక్కకి జరిగిపోతుంది.

నాన్న పొద్దున్న బస్సు దిగి వచ్చాడు. ఇస్త్రీ నలుగుతుందని దారంతా నిలబడే వచ్చాడట. చెప్పులు విప్పుతూనే అత్తతో, "అక్కా, సినిమాలో నేనున్నాను. ఎక్కడున్నానో చెప్పను, మీరే కనిపెట్టాలి" అన్నాడు. "మొహానికి మసి పూసుకుని జనంలో నిలబడ్డావేంట్రా?" అంది అత్త. "జనంలో కాదు. పాట ఉంది. చావు కూడా ఉంది" అన్నాడు నాన్న. మామయ్య పేపరు దించకుండానే, "చావుందంటే పెద్ద వేషమే బావగారూ" అన్నాడు. నాన్న నవ్వేశాడు. తర్వాత పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ, నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే, గొంతు తగ్గించి చెప్పాడు. "నీకొక్కదానికే చెప్తున్నా. ఉప్పమ్మేవాణ్ణి నేనే. నోరు జారకు. వాళ్ళే గుర్తుపట్టాలి, అప్పుడే మజా." నోరు జారడానికి నాకు నోరేదీ. ఈ ఇంటికి చదువుకోడానికి వచ్చినప్పట్నించీ నేను మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పేజీ నిండదు. బావ నన్ను మౌనస్వామి అని పిలుస్తాడు.

తెర మీద వాన. సినిమాలో ఎప్పుడూ వానే. గంటలు పోతపోసే మేస్త్రి కథ ఇది. అతను పోసిన గంటలు మోగవు, మూలుగుతాయి. ఒకరోజు చెయ్యి తెగి నాలుగు చుక్కల రక్తం కరిగిన కంచులో పడితే ఆ గంట మనిషిలా పాడుతుంది. అక్కణ్ణించి అతనికి ఆశ. దారినపోయేవాణ్ణి లోపలికి పిలవడం, పాడించుకోవడం, గొంతు కొయ్యడం, వాడి పాట గంటలోంచి వినడం. నాటకంగా ఇది నాకు నోటికొచ్చు. అక్షరాలు రాకముందే వచ్చు. నాన్న కంపెనీ ఊరూరా గుడారం వేసి ఆడింది ఈ నాటకమే, గంటల మేస్త్రి నాన్నే. మా బళ్ళో పంతులమ్మ పద్యం చెప్పమంటే నోరు పెగలని నేను, గుడారం పక్క తెర వెనక నిలబడి మొత్తం నాటకం పెదాలతో ఆడేదాన్ని. ఆ నాటకంలో రక్తం అంటే రిబ్బను. ఎర్ర పట్టు రిబ్బను చుట్ట చుట్టి చొక్కా ఎడమ చేతి మడతలో దాచుకుంటారు. కత్తి పడగానే చచ్చేవాడు జనం వైపు తిరుగుతాడు, కుడిచెయ్యి ఎడమ చేతి మడతలోకి పోతుంది, రిబ్బను కొస పట్టుకుని మెడ దగ్గరికి తెచ్చి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ కిందికి వదుల్తాడు. అది జారుతుంటే గుడారంలో ఊపిరి వినపడదు. "ముందు వరస వాడు నీ చావు వాడే చూస్తాడు. చివరి వరస వాడికి నువ్వు చూపించాలి" అని నాన్న అందరికీ నేర్పేవాడు. చివర్లో మేస్త్రి తన గొంతు తనే కోసుకుంటాడు. అప్పుడు నాన్న వదిలే రిబ్బను అందరి రిబ్బన్లకంటే పొడుగు, మెట్లు దిగి జనం కాళ్ళ దాకా పోయేది. అది మా అమ్మ కుట్టింది. అమ్మ పోయాక కూడా అదే వాడారు.

ఆ రిబ్బన్లు చుట్టడం నా పని. ఆట అయిపోయాక నాన్న రంగు తుడుచుకునే గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. గది అంటే గది కాదు, రేకులతో అల్లిన మూల, దానికొక చెక్క తలుపు. వేషం తీసేటప్పుడు మనిషిని ఎవరూ చూడకూడదని వాళ్ళ కంపెనీలో పట్టింపు. సగం మేస్త్రి సగం నాన్నగా ఉన్న మొహాన్ని చూస్తే పాత్ర చెడిపోతుందట. యజమాని కూడా బయటే నిలబడి దగ్గేవాడు. నేను మాత్రం లోపల. రెండు వేళ్ళకి రిబ్బను చుట్టుకుంటూ కింద కూర్చునేదాన్ని, నాన్న నూనె గుడ్డతో నుదురు తుడుచుకుంటూ, "ఇవాళ ఎలా చచ్చాను?" అని అడిగేవాడు. "బాగా చచ్చావు" అనేదాన్ని. "నిన్నటికంటేనా?" "నిన్న కొంచెం తొందరగా చచ్చావు." నవ్వుతుంటే సగం మేస్త్రి, సగం నాన్న ఇద్దరూ నవ్వేవారు.

"రక్తం అలా ఉండదు" అంటున్నాడు మామయ్య. ఆయన రక్త పరీక్షలు చేసే ల్యాబులో పెద్దాయన. తెర మీద మొదటివాడి గొంతు తెగి గోడంతా చిమ్మింది. "మరీ టమాటా రసంలా. రక్తం గాలి తగిలితే నల్లబడాలి. ఈపాటికి గడ్డకట్టాలి." "అబ్బా, సినిమా చూడనివ్వండి, అక్కడికి రిపోర్టు రాయడానికి పిలిచినట్టు" అంది అత్త కళ్ళు చేతులతో మూసుకుని, వేళ్ళ సందులోంచి చూస్తూ. నిచ్చెన నవ్వాడు. నిచ్చెన నవ్వు ముందు భుజాల్లోకి వచ్చి తర్వాత నోట్లోకి వస్తుంది. ఇది నాకెందుకు తెలుసు? వంటగది గోడకి ఆనుకుని కూర్చుంటే అతని భుజాలే కనపడతాయి, అంతే. క్రితం వారం మంచినీళ్ళు ఇస్తే గ్లాసు తీసుకుంటూ "మీ ఊళ్ళో అందరూ ఇంత మెల్లగా మాట్లాడతారా, నువ్వొక్కదానివేనా?" అన్నాడు. జవాబు దొరికేసరికి గ్లాసు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఆ జవాబు ఇంకా నా దగ్గరే ఉంది. తెర మీద మనిషి చస్తున్నాడు, నేను ఆ జవాబు సంగతి ఆలోచిస్తున్నాను. ఈ హీరో అందంగా ఉన్నాడు, చంపేటప్పుడు కూడా జుట్టు చెదరలేదు. నాన్న మేస్త్రి అయితే చంపే ముందు చేతులు వణికేవి. కత్తి ఒకసారి జారి కింద పడేది. అది నిజంగా జారిందనుకుని జనం అయ్యో అనేవారు, ఎవరిమీద జాలిపడుతున్నామో మర్చిపోయి. ఈయన చెయ్యి వణకదు. ఆ చేతి మీంచి నేను చూపు తిప్పుకోలేదు. ఎర్ర రంగు కిందికి కారుతుంటే నా రెండు వేళ్ళూ ఓణీ కొసని చుడుతున్నాయి, విప్పుతున్నాయి, మళ్ళీ చుడుతున్నాయి.

ఆ నాటకమే ఈ సినిమాగా వచ్చాక గుడారం మూతపడింది. సినిమాలో నిజం రక్తం చూసినవాడు డబ్బిచ్చి రిబ్బను చూడ్డానికి ఎందుకొస్తాడు? కంపెనీ యజమాని కుర్చీలు అమ్మేసి వెళ్ళిపోయాడు. అప్పట్నించీ మామయ్య ల్యాబులో ఒక పని ఖాళీగా ఉంది, ముందు టేబులు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళని పేరు పెట్టి పిలిచే పని. మామయ్య అడిగినప్పుడల్లా నాన్న "ముందు సినిమా చూడండి బావగారూ, తర్వాత మాట్లాడదాం" అంటూ వచ్చాడు. మాతో కలిసే చూడాలని తనూ ఇంకా చూడలేదు. వేరే కంపెనీ ఏదో ఉందట, సినిమాలో చేసినవాడంటే పిలుస్తుందట. ఇందాక భోజనాల దగ్గర మామయ్య మళ్ళీ, "ఇవాళ తేల్చెయ్యాలి మరి. ఇంకా ఎన్నాళ్ళు ఆపను?" అన్నాడు. నాన్న, "ఇవాళే తేలిపోతుంది" అన్నాడు. ఎంత హుషారుగా అన్నాడంటే అత్త ఇంకో గరిటె అన్నం వేసింది.

రెండోవాడు చచ్చాడు, దీపాలవాడు. ఇక ఉప్పమ్మేవాడే. నాన్న కుర్చీలో ముందుకి వంగాడు. గుర్తుపట్టగానే వెయ్యడానికి మొహంలో నవ్వు సిద్ధంగా పెట్టుకున్నాడు, పిలుపు వచ్చేదాకా తెర వెనక నిలబడ్డ మనిషిలాగా. తలుపు కొట్టిన చప్పుడు. వానలో తడిసిన మనిషి, భుజాన గోనె సంచి, మొహమంతా గడ్డం, ఒక కన్ను మీద గుడ్డ. ఎవరూ గుర్తుపట్టరు. నేనైనా సంచి మోసే తీరు చూసి పట్టాను, ఎడమ భుజం ఎత్తి, బరువు లేని సంచికి బరువిచ్చి. మేస్త్రి పాడమన్నాడు. ఉప్పమ్మేవాడు నోరు తెరిచాడు. నాటకంలో అది పెద్ద పాట, ఉప్పు కరిగిపోతోందని మొదలై, పిల్లల దాకా పోయి, తన ఎముకలు కరిగిపోతున్నాయని ముగుస్తుంది. సినిమాలో ఒక్క వరసే ఉంచారు. ఆ ఒక్క వరస కూడా నాన్న గొంతు కాదు. ఎవరిదో సన్నటి, నునుపైన గొంతు. నాన్న పెదాలు ఒకలా కదులుతున్నాయి, పాట వేరే చోటినించి వస్తోంది. నేను నాన్న వైపు చూశాను. ఆయనకీ తెలీదు. అది ఆయన ఇప్పుడే తెలుసుకున్నాడు, మా అందరితోపాటు, చీకట్లో. నవ్వు మాత్రం ఇంకా మొహం మీదే ఉంది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

కత్తి పడింది. రక్తం పంపు విప్పినట్టు చిమ్మింది. తెగినవాడు తెగినచోటే కూలిపోవాలి, మొదటివాడు అలాగే పడ్డాడు, రెండోవాడూ అంతే. ఉప్పమ్మేవాడు పడలేదు. మేస్త్రిని వదిలేసి గిర్రున ఇటు తిరిగాడు, సరిగ్గా మా వైపు, మా అందరి కళ్ళలోకి. కుడిచెయ్యి ఎడమ చేతి మడతలోకి వెళ్ళింది. వెతికింది. లేదు. మళ్ళీ వెతికింది. అక్కడ ఎవరూ ఏమీ దాచలేదు. ఒళ్ళంతా రక్తం కారుతుంటే ఆ చెయ్యి ఖాళీగా బయటికొచ్చి, మెడ దగ్గరికి పోయి, లేని రిబ్బనుని ఒక్కో వేలూ విప్పుతూ, ఓపిగ్గా, కిందికి వదిలింది. చివరి వరస కోసం. ఆ గదిలో చివరి వరస నేనే. నాకు కనపడింది. ఎర్రగా, పొడుగ్గా, మెట్లు దిగి వచ్చేలా కనపడింది.

"చచ్చేముందు రుమాలు వెతుక్కుంటున్నాడేంట్రా వీడు!" అన్నాడు బావ. పగలబడ్డాడు. "రుమాలు కాదు, బస్సు టికెట్టు. పైకి పోడానికి" అన్నాడు నిచ్చెన. మామయ్య పొట్ట ఊగింది. వేళ్ళ సందులోంచి చూస్తున్న అత్త కూడా చేతులు తీసేసి నవ్వింది, "పాపం, చావనివ్వండ్రా వాణ్ణి" అంటూ. బావ రిమోటు తీసుకుని వెనక్కి తిప్పాడు. ఉప్పమ్మేవాడు మళ్ళీ తిరిగాడు, మళ్ళీ వెతికాడు. నిచ్చెన లేచి కూర్చుని తన చొక్కా చేతిలో వెతుక్కున్నాడు, నాలిక బయటపెట్టి, కళ్ళు తేలేసి. అచ్చం అలాగే. ఆ నవ్వు భుజాల్లోంచి నోట్లోకి వస్తూ, తల తిప్పి నా వైపు చూశాడు, చూశావా అన్నట్టు. మొదటిసారి నన్ను కలుపుకుని నవ్వాడు. నేను నవ్వాను. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, మర్యాదగా కాదు, చప్పుడయ్యేలా నవ్వాను. నా నవ్వు అంత బాగుంటుందని నాకే తెలీదు. ఆ క్షణం ఎంత తేలిగ్గా ఉందో, చాప మీద వాళ్ళ మధ్య నాకూ చోటు దొరికినట్టు, ఆ ఇంట్లో నేనూ ఒకదాన్నైనట్టు. ఎవరైనా నా నోరు అప్పుడే మూసేసి ఉంటే బాగుండేది.

బావ నవ్వాపి తెర దగ్గరికి వంగాడు. బొమ్మ ఆపాడు. గడ్డం, గుడ్డ కట్టిన కన్ను, మెడ దగ్గర విచ్చుకున్న ఖాళీ చెయ్యి. "ఆగాగు. మామయ్య వేషం ఇంకా రాలేదు కదా? ఇది మామయ్య కాదు కదా?" అన్నాడు. బావకి మామయ్య అంటే మా నాన్న. గదిలో నవ్వు సగంలో నిలబడిపోయింది. అత్త నాన్న వైపు చూసింది, నాన్న తెర వైపు చూస్తున్నాడు. బావ నా వైపు తిరిగాడు. "ఏయ్ మౌనస్వామీ, నీకు తెలిసుంటుంది. మీ నాన్నేనా?" నిచ్చెన చెయ్యి ఇంకా తన చొక్కా చేతిలోనే ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు. అవునంటే ఏమయ్యేది? అందరూ అయ్యో అనేవారు, అత్త నాలిక కరుచుకునేది, నాన్న నవ్వి ఏదో జోకు వేసేవాడు, అది అక్కడితో అయిపోయేది. అవునంటే నేను ఆ చేతి కూతుర్ని, ఇప్పుడే నవ్విన నవ్వుతో సహా. అదంతా ఆలోచించానా? లేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను. అప్పుడు నా నోట్లోంచి "కాదు" అని వచ్చింది. ఏ పంతులమ్మ అడిగినా పెగలని గొంతు ఎంత స్పష్టంగా వచ్చిందంటే, చివరి వరస దాకా వినపడుతుంది. "కాదు. ఆ గొంతు మా నాన్నది కాదు." ఆ రెండో మాట ఎవరూ అడగలేదు. అది నేనే తెచ్చి పెట్టాను. అది నిజం కూడా. నిజాన్ని అలా వాడొచ్చని నాకెవరు నేర్పారు?

"కాదురా" అన్నాడు నాన్న. చీకట్లో ఆయన గొంతు మామూలుగా ఉంది. "నాది తీసేసినట్టున్నారు. నిడివి ఎక్కువైందేమో. సినిమా అన్నాక కోతలు తప్పవు." "అయ్యో తమ్ముడూ" అంది అత్త. "ఎన్ని రోజులు తిరిగావురా దానికోసం." "పోన్లే అక్కా. చూడు, అసలు కథ ఇప్పుడే మొదలు." నాకోసం అబద్ధమాడాడు. నేను వదిలిన దాన్ని కింద పడనివ్వకుండా అందుకున్నాడు, ఆటలో ఎవరైనా మాట మర్చిపోతే అందుకున్నట్టే. తోటి నటుడు తప్పు చేస్తే జనానికి తెలియనివ్వకూడదు, అదీ ఆయన నేర్పేదే.

మిగతా సినిమా నేను చూశానో లేదో. వాన పడింది. చాలామంది చచ్చారు. ఎండ చుక్క నా మోకాలి మీంచి జరిగి నేల మీదికి, నేల మీంచి నాన్న కుర్చీ కాలి దగ్గరికి పోయింది. అక్కడ ఆయన పాదం కనపడింది. చివరి పాటకి ఆ పాదం తాళం వేస్తోంది, బొటనవేలు ఒక్కటే, ఎవరికీ తెలియకుండా. తెర మీద అందమైన మేస్త్రి గొంతు కోసుకున్నాడు, గంటలన్నీ ఒకేసారి మోగాయి, ఎర్రటి వరద మెట్లు దిగింది. అత్త ముక్కు చీదింది. నాన్న వేలు ఒక్క దెబ్బ తేడా లేకుండా తాళం వేస్తూ, రిబ్బను వదలాల్సిన చోట ఆగింది. గుడారంలో ఆగినంతసేపూ ఆగింది. సినిమా ఆగకుండా ముందుకి పోయింది. ఆ ఆగిన చోట నేను లేచి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చోవచ్చు. కూర్చోలేదు. నాలుగడుగుల దూరం. నిచ్చెన కాళ్ళు అడ్డంగా ఉన్నాయి, అవి దాటాలంటే సిగ్గు. అదీ నేను.

బావ దుప్పట్లు లాగేశాడు. ఒక్కసారి వెలుతురు పడి అందరం కళ్ళు నలుపుకున్నాం, మొహాలన్నీ ఉబ్బి, ఎవరివి వాళ్ళవి కానట్టు. మామయ్య ఒళ్ళు విరుచుకుని, "పాటలు బాగున్నాయి. రక్తమే బాలేదు" అన్నాడు. నాన్న లేచి నిలబడ్డాడు. నలగకూడదని నిలబడి తెచ్చిన చొక్కా వీపు మీద ముడతలు పడింది. "బావగారూ, ఆ ల్యాబులో పని ఇంకా ఉందా?" మామయ్య కొంచెం తడబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు. "ఎందుకుండదు? రేపే రండి. మీ గొంతుంది కదా బావగారూ, పేర్లు పిలిస్తే వీధి చివర కూర్చున్నవాడు కూడా లేచి వస్తాడు." అందరూ నవ్వారు. మంచి నవ్వే. నాన్న కూడా నవ్వాడు. నిచ్చెన నా వైపు చూశాడో లేదో, నేను చూడలేదు. నా దుప్పటి బావ చేతిలోంచి తీసుకుని మడత పెట్టాను, విప్పాను, మళ్ళీ మడత పెట్టాను.

బస్సుకి టైమవుతోందని నాన్న సంచి తీసుకుని పక్క గదిలోకి వెళ్ళాడు. నా కాళ్ళు వాటంతట అవే వెనకాల వెళ్ళాయి. ఆట అయ్యాక ఆయన లోపలికి వెళ్తే నేను వెళ్తాను, అది ఆలోచించి చేసే పని కాదు. గుమ్మం దగ్గర ఆయన వెనక్కి తిరిగాడు. మొహాన రంగేమీ లేదు, తుడవడానికి ఏమీ లేదు. బాగా చచ్చావు నాన్నా, అందామనుకున్నాను. అందరికంటే బాగా. నాకు కనపడింది. గొంతులోకి వచ్చింది, పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఆయన నా పెదాల వైపు చూశాడు, కాసేపు, ఓపిగ్గా, వస్తుందేమో అన్నట్టు. తర్వాత, ఎదిగిన పిల్లతో మాట్లాడినట్టు, పరాయి పిల్లతో మాట్లాడినట్టు మెత్తగా, "చొక్కా మార్చుకోవాలమ్మా" అన్నాడు. తలుపు మూశాడు. విసురుగా కాదు. చివరి వరస దాకా వినపడకుండా, నెమ్మదిగా.